సిగ్నల్ అందని గదిలోనూ మీ నంబరు మోగాలంటే: వైఫై కాలింగ్ పెట్టుకునే పద్ధతి

లోపలి గదిలోకి వెళ్తే ఫోన్‌లో ఒక్క గీత కూడా నిలవదు. పక్కనే రౌటర్ మాత్రం వైఫై నిండుగా ఇస్తూ ఉంటుంది. కాల్ వచ్చినప్పుడల్లా కిటికీ దగ్గరికి పరిగెత్తి "హలో, వినబడుతోందా" అని అరవక్కర్లేదు. ఆ వైఫై మీదుగానే మీ మామూలు నంబరుతో కాల్స్ చేసుకోవచ్చు, వచ్చిన కాల్స్ ఎత్తుకోవచ్చు. దీన్నే వైఫై కాలింగ్ అంటారు. ఇది వాట్సాప్ కాల్ లాంటిది కాదు. అవతలివాళ్లకు ఏ యాప్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు, చివరికి స్మార్ట్‌ఫోన్ కూడా అక్కర్లేదు. ల్యాండ్‌లైన్‌కైనా వెళ్తుంది. మీ ఫోన్‌లో రోజూ వాడే డయలర్‌తోనే కాల్ చేస్తారు. వాళ్లకు కనిపించేది మీ నంబరే.

సెట్టింగ్స్‌లో స్విచ్ ఆన్ చేయడానికి అర నిమిషం చాలు. కానీ ఆన్ చేసి వదిలేస్తే అది నిజంగా పనిచేస్తోందో లేదో తెలియదు. సిగ్నల్ అసలే లేని రోజున, అత్యవసరంగా కాల్ చేయాల్సిన సమయంలో పనిచేయడం లేదని తెలుస్తుంది. అందుకే కింద స్విచ్ ఎక్కడుందో చెప్పేదానికన్నా పరీక్షించడం గురించి, పనిచేయకపోతే లోపం ఎక్కడుందో పట్టుకోవడం గురించి ఎక్కువగా ఉంటుంది.

లోపల జరిగేది

ఇది కాస్త తెలిస్తే తర్వాత వచ్చే చిక్కులన్నీ వాటంతటవే అర్థమవుతాయి. మీరు ఆన్ చేయగానే ఫోన్ ముందుగా మీ టెలికాం సంస్థ గేట్‌వే చిరునామా వెతుకుతుంది. ఆ గేట్‌వేను ఈపీడీజీ అంటారు. చిరునామా దొరికాక ఇంటర్నెట్ మీదుగా దానికి ఒక రహస్య సొరంగం వేస్తుంది. ఇది ఐపీసెక్ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ అయిన దారి. మీరెవరో నిరూపించేది పాస్‌వర్డ్ కాదు, మీ సిమ్. సిమ్‌లోని రహస్య కీతో గుర్తింపు పూర్తయ్యాక ఫోన్ ఆ సొరంగంలోంచి సంస్థ కాల్ వ్యవస్థలో, అంటే ఐఎమ్ఎస్‌లో రిజిస్టర్ అవుతుంది. అక్కడి నుంచి మీ నంబరుకు వచ్చే కాల్స్ టవర్ దాకా పోకుండా ఈ సొరంగంలోకి మళ్లుతాయి.

దీన్నిబట్టి మూడు సంగతులు తెలుస్తాయి. సొరంగం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి ఊరూపేరూ తెలియని వైఫైలో మాట్లాడినా ఆ వైఫై నడిపేవాళ్లు మీ మాటలు వినలేరు. సొరంగం బయలుదేరేది ఫోన్ నుంచే కాబట్టి రౌటర్‌లో పోర్టులు (డేటా వచ్చిపోయే ద్వారాలు) తెరవాల్సిన పని లేదు. సిమ్‌తో గుర్తింపు జరుగుతుంది కాబట్టి సిమ్ చెల్లుబాటులో ఉండాలి, ఆ సంస్థ మీ నంబరుకు ఈ సేవ ఇచ్చి ఉండాలి.

మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి

ఫోన్, సిమ్, ప్లాన్ మూడూ ఒప్పుకుంటేనే ఈ సేవ వస్తుంది. ఐఫోన్లలో 5సీ, 5ఎస్ నాటి నుంచి ఈ సౌకర్యం ఉంది. ఆండ్రాయిడ్‌లో గత కొన్నేళ్లలో వచ్చిన ఫోన్లలో చాలావాటికి ఉంది. అయితే ఫోన్‌కు సామర్థ్యం ఉంటే సరిపోదు. మీ టెలికాం సంస్థకు సంబంధించిన సెట్టింగ్స్ ఫైల్ కూడా ఆ ఫోన్ సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి. వేరే దేశంలో కొన్న ఫోన్లలో, ఒక సంస్థకే లాక్ చేసి అమ్మిన ఫోన్లలో ఆప్షన్ కనబడకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం.

వోల్టీ, అంటే 4జీ మీద నడిచే వాయిస్ కాలింగ్, ముందే ఆన్‌లో ఉండాలి. చాలామంది దీన్ని పట్టించుకోరు. వైఫై కాలింగ్, వోల్టీ రెండూ నడిచేది ఐఎమ్ఎస్ మీదే. కాల్ మధ్యలో మీరు ఇంట్లోంచి బయటికి నడిస్తే వైఫై నుంచి టవర్‌కు తెగకుండా మారాలన్నా వోల్టీ ఉండాల్సిందే. అది లేకపోతే గుమ్మం దాటగానే కాల్ కట్ అవుతుంది.

ఫోన్ సాఫ్ట్‌వేర్‌ను తాజా వెర్షన్‌కు అప్‌డేట్ చేయండి. తేదీ, సమయం ఆటోమేటిక్‌గా ఉండేలా పెట్టండి. గడియారం రోజుల తేడాతో తప్పుగా ఉంటే గేట్‌వే సర్టిఫికెట్ సరిచూసే దగ్గరే ఆగిపోవచ్చు.

ఆండ్రాయిడ్‌లో

ఒక్కో కంపెనీ మెనూ పేర్లు కొద్దిగా మారుస్తుంది గానీ దారి దాదాపు ఒకటే.

1. సెట్టింగ్స్ తెరిచి "నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్"లోకి, అక్కడి నుంచి "సిమ్స్"లోకి వెళ్లండి.
2. మీ సిమ్ పేరు మీద నొక్కండి. ముందుగా వోల్టీ లేదా "4జీ కాలింగ్" అనే స్విచ్ ఆన్‌లో ఉందేమో చూడండి.
3. కాస్త కిందికి జరిపితే "వైఫై కాలింగ్" కనిపిస్తుంది. దాన్ని తెరిచి ఆన్ చేయండి.
4. కొన్ని సంస్థలు ఇక్కడే నిబంధనలు చూపిస్తాయి. కొన్ని దేశాల్లో అత్యవసర చిరునామా అడుగుతాయి. దాన్ని నింపకుండా వెనక్కి వస్తే స్విచ్ తిరిగి ఆఫ్ అయిపోతుంది.
5. "కాలింగ్ ప్రిఫరెన్స్" అనే ఆప్షన్ ఉంటే అది మీ ఇంటి పరిస్థితిని బట్టి పెట్టాలి. దాని గురించి కింద చెబుతాం.

శామ్‌సంగ్ ఫోన్లలో దగ్గరి దారి ఉంది. డయలర్ తెరిచి పైన మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో "వైఫై కాలింగ్" ఆన్ చేయవచ్చు. "కనెక్షన్స్" మెనూలోనూ అదే స్విచ్ ఉంటుంది. షావోమీ, రెడ్‌మీ, పోకో ఫోన్లలో "సిమ్ కార్డ్స్ అండ్ మొబైల్ నెట్‌వర్క్స్"లోకి వెళ్లి సిమ్ ఎంచుకుంటే "మేక్ కాల్స్ యూజింగ్ వైఫై" అని ఉంటుంది. ఎక్కడ వెతకాలో తోచకపోతే సెట్టింగ్స్ పైన ఉండే వెతికే పెట్టెలో "వైఫై కాల్" అని కొట్టండి. మెనూ భాష ఇంగ్లిష్‌లో ఉంటే ఆ మాటనే ఇంగ్లిష్‌లో కొట్టండి.

ఐఫోన్‌లో

సెట్టింగ్స్‌లో "సెల్యులార్" లేదా "మొబైల్ సర్వీస్" తెరవండి. అందులో "వైఫై కాలింగ్" నొక్కి "వైఫై కాలింగ్ ఆన్ దిస్ ఐఫోన్" ఆన్ చేయండి. ఐఓఎస్ 18 నుంచి యాప్‌ల సెట్టింగ్స్ అన్నీ "యాప్స్" అనే చోటికి చేరాయి. కాబట్టి "యాప్స్", దానిలో "ఫోన్", దానిలో "వైఫై కాలింగ్" అనే దారిలోనూ వెళ్లవచ్చు. హెచ్చరిక వస్తే "ఎనేబుల్" నొక్కండి.

అదే మెనూలో "ప్రిఫర్ వైఫై వైల్ రోమింగ్" అనే స్విచ్ కొన్ని సంస్థల సిమ్‌లకు కనిపిస్తుంది. విదేశాల్లో రోమింగ్‌లో ఉన్నప్పుడు వైఫైకి ప్రాధాన్యం ఇవ్వమని దాని అర్థం. ప్రయాణాలు చేసేవాళ్లు దాన్ని ఆన్ చేసుకోవడం మంచిది.

ఐఫోన్‌లో సంస్థ సెట్టింగ్స్ ఫైల్ విడిగా అప్‌డేట్ అవుతుంది. "జనరల్", తర్వాత "అబౌట్" తెరిచి నిమిషం పాటు అలాగే ఉంచితే, కొత్తది ఉన్నప్పుడు అప్‌డేట్ చేయమని పెట్టె వస్తుంది. నెలల తరబడి ఆప్షన్ కనబడని ఫోన్లలో కూడా ఈ ఒక్క అప్‌డేట్‌తో అది బయటపడుతుంటుంది. కస్టమర్ కేర్‌కు కాల్ చేసే ముందు ఇది చూడండి.

రెండు సిమ్‌లు ఉంటే

ఒక్కో సిమ్‌కు విడిగా ఆన్ చేయాలి. మొదటి సిమ్‌కు ఆన్ చేసి, రెండో సిమ్‌కు కాల్స్ రావడం లేదని తికమకపడేవాళ్లు చాలామంది.

ఇంకో లాభమూ ఉంది. రెండు సిమ్‌ల ఫోన్లలో చాలావాటిలో ఒక సిమ్‌తో మాట్లాడుతుంటే రెండో సిమ్‌కు వచ్చే కాల్స్ అందవు. రెండో సిమ్‌కు వైఫై కాలింగ్ ఆన్‌లో ఉంటే, వైఫై మీదుగా ఆ కాల్ కూడా మోగుతుంది. ఐఫోన్‌లో "అలో సెల్యులార్ డేటా స్విచింగ్" కూడా ఆన్‌లో ఉంటే వైఫై లేని చోట మొదటి సిమ్ డేటా మీదుగా రెండో సిమ్ కాల్ వస్తుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇదే పని చేసే స్విచ్‌కు "బ్యాకప్ కాలింగ్" అని పేరు. ఆ డేటా రోమింగ్ డేటా అయితే ఖర్చు చూసుకోండి.

ప్రాధాన్యం ఏది పెట్టాలి

"వైఫై ప్రిఫర్డ్", "మొబైల్ ప్రిఫర్డ్" అని రెండు రకాలు చూపిస్తే, ఇంట్లో సిగ్నల్ ఒక గీతా రెండు గీతల మధ్య ఊగుతున్నప్పుడు వైఫైనే ఎంచుకోండి. "మొబైల్ ప్రిఫర్డ్" పెడితే ఆ బలహీనమైన సిగ్నల్‌ను పట్టుకునే ఫోన్ వేలాడుతుంది. అది పూర్తిగా పోయాక గానీ వైఫైకి మారదు. ఈలోపు వచ్చే కాల్స్ పోతాయి, బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది. ఎందుకంటే దూరంగా ఉన్న టవర్‌ను అందుకోవడానికి ఫోన్ తన రేడియో బలం పెంచుతుంది. ఇంట్లో సిగ్నల్ బాగానే ఉండి వైఫై మాత్రం అప్పుడప్పుడూ తడబడుతుంటే "మొబైల్ ప్రిఫర్డ్" సరైనది.

ఏరోప్లేన్ మోడ్ పరీక్ష

వైఫై కాలింగ్ నిజంగా నడుస్తోందో లేదో తేల్చే పరీక్ష ఇదే. తప్పకుండా చేయండి.

1. ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేయండి. టవర్‌తో సంబంధం తెగిపోతుంది.
2. ఏరోప్లేన్ మోడ్ అలాగే ఉంచి, వైఫైని మాత్రం మళ్లీ ఆన్ చేయండి.
3. ఒకటి రెండు నిమిషాలు ఆగండి. ఐఫోన్‌లో పైన సంస్థ పేరు పక్కన "వైఫై" అని వస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఫోన్ గుర్తు పక్కన వైఫై తరంగాలు కనిపిస్తాయి.
4. ఏదైనా నంబరుకు కాల్ చేయండి. తెర మీద వైఫై కాల్ అని కనిపిస్తుంది.
5. ఇప్పుడు వేరే ఫోన్ నుంచి మీ నంబరుకు కాల్ చేయించండి. తర్వాత తెర ఆఫ్ చేసి పదిహేను నిమిషాలు కదిలించకుండా పెట్టి మళ్లీ కాల్ చేయించండి.
6. ఒక ఎస్ఎమ్ఎస్ పంపించి చూడండి, ఒకటి రప్పించి చూడండి.

అయిదో మెట్టులో రెండో భాగాన్ని ఎవరూ చేయరు గానీ అసలు లోపాలు బయటపడేది అక్కడే. ఆన్ చేసిన వెంటనే కాల్స్ వచ్చి, పావుగంట తర్వాత రాకపోతే దానికి కారణం వేరే ఉంటుంది. ఆ సంగతి కింద ఉంది. ఆరో మెట్టు బ్యాంకు ఓటీపీల కోసం. కాల్స్ ఇచ్చే సంస్థలన్నీ వైఫై మీద మెసేజ్‌లు కూడా ఇస్తాయనుకోకండి. మీది ఇస్తోందో లేదో ముందే తెలిసి ఉంటే మంచిది.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో దీన్ని చూసుకునే ఇంకో దారి ఉంది. డయలర్‌లో *#*#4636#*#* కొట్టి "ఫోన్ ఇన్ఫర్మేషన్" తెరవండి. పైన మూడు చుక్కల్లో "ఐఎమ్ఎస్ సర్వీస్ స్టేటస్" ఉంటే నొక్కండి. "వాయిస్ ఓవర్ వైఫై" పక్కన "అవైలబుల్" అని ఉంటే పని అయినట్టే. ఆ మెనూలో మిగతా స్విచ్‌లు మాత్రం ముట్టుకోకండి. కొన్ని కంపెనీలు ఈ కోడ్‌ను మూసేశాయి. అలాంటి ఫోన్లలో ఏరోప్లేన్ మోడ్ పరీక్షే చాలు.

ఆప్షన్ అసలు కనబడకపోతే

ముందు ఆ సిమ్‌ను వైఫై కాలింగ్ ఉన్న ఇంకో ఫోన్‌లో వేసి చూడండి. అక్కడ కనబడితే లోపం మీ ఫోన్‌లోనో దాని సాఫ్ట్‌వేర్‌లోనో ఉంది. అప్‌డేట్ తప్ప దారి లేదు. అక్కడా కనబడకపోతే లోపం సిమ్‌లోనో ఖాతాలోనో ఉంది. అప్పుడు కస్టమర్ కేర్‌కు కాల్ చేసి ఊరికే "వైఫై కాలింగ్ రావట్లేదు" అనకండి. "నా నంబరుకు వోల్టీ, వైఫై కాలింగ్ రెండూ ప్రొవిజన్ అయ్యాయా చూడండి, అయి ఉంటే తీసేసి మళ్లీ చేయండి" అని అడగండి. ప్రొవిజన్ అంటే మీ నంబరుకు ఆ సేవను తెరవడం. ఈ మాట వాడితే వాళ్లకు ఏ తెర తెరవాలో తెలుస్తుంది. ఐఎమ్ఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబరు అడిగితే *#06# కొట్టి చదివి చెప్పండి. చాలా పాత సిమ్ అయితే మార్చుకోమంటారు. 2జీ కాలం నాటి కార్డుల్లో ఈ గుర్తింపు పద్ధతి ఉండదు, మార్చుకోవడమే నయం.

స్విచ్ ఆన్‌లో ఉన్నా రిజిస్టర్ కాకపోతే

ఫోన్ ఒకసారి రీస్టార్ట్ చేయండి. దాంతో కాకపోతే లోపం ఎటువైపుందో తేల్చే చిన్న ఉపాయం ఒకటి ఉంది. ఇంకో ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి, మీ ఫోన్‌ను ఆ హాట్‌స్పాట్‌కు కలిపి, ఏరోప్లేన్ మోడ్ పరీక్ష మళ్లీ చేయండి. హాట్‌స్పాట్‌లో పనిచేసి ఇంటి వైఫైలో పనిచేయకపోతే తప్పు రౌటర్‌దో బ్రాడ్‌బ్యాండ్‌దో. రెండుచోట్లా పనిచేయకపోతే ఫోన్, సిమ్ వైపు చూడాలి. గంటల తరబడి రౌటర్‌తో కుస్తీ పట్టే ముందు ఈ అయిదు నిమిషాల పని చేయండి.

రౌటర్ వైపు తేలితే చూడాల్సినవి ఇవి.

సొరంగానికి యూడీపీ 500, యూడీపీ 4500 అనే రెండు పోర్టుల మీదుగా బయటికి వెళ్లే దారి కావాలి. ఇంటి రౌటర్లలో ఇది మామూలుగానే తెరిచి ఉంటుంది. ఫైర్‌వాల్‌ను "హై"లో పెట్టిన రౌటర్లలో, ఆఫీసు, కాలేజీ, హోటల్ వైఫైలలో మూసి ఉంచుతారు. రౌటర్ సెట్టింగ్స్‌లో "ఐపీసెక్ పాస్‌త్రూ" లేదా "వీపీఎన్ పాస్‌త్రూ" ఉంటే ఆన్ చేయండి. ఈ రెండు పోర్టులను ఫోన్ వైపు ఫార్వర్డ్ చేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. అది అనవసరం. పైగా ఒకే ఇంట్లో రెండు ఫోన్లుంటే రెండోదానికి ఇబ్బంది కావచ్చు.

ప్రకటనలను అడ్డుకునే డీఎన్ఎస్ (పేర్లను నెట్ చిరునామాలుగా మార్చే సేవ) వాడుతుంటే ఒకసారి తీసేసి చూడండి. ఆండ్రాయిడ్‌లో "ప్రైవేట్ డీఎన్ఎస్"ను ఆటోమేటిక్‌కు మార్చండి. గేట్‌వే పేర్లు సాధారణంగా "త్రీజీపీపీనెట్‌వర్క్ డాట్ ఆర్గ్"తో ముగుస్తాయి. ఆ పేరు ఏ జాబితాలోనైనా బ్లాక్ అయితే ఫోన్‌కు గేట్‌వే దారే దొరకదు. రౌటర్‌లోనే వీపీఎన్ నడుస్తుంటే మీరు వేరే దేశంలో ఉన్నట్టు గేట్‌వేకు కనిపిస్తుంది. కొన్ని సంస్థలు అలా వచ్చే కాల్స్‌ను తిప్పికొడతాయి.

హోటల్, విమానాశ్రయాల్లాంటి చోట్ల వైఫై కలిసినట్టే కనిపిస్తుంది గానీ బ్రౌజర్‌లో లాగిన్ పేజీ పూర్తి చేసేదాకా ఒక్క ప్యాకెట్ (డేటా ముక్క) కూడా బయటికి పోదు. ఏదైనా ఒక వెబ్ పేజీ తెరిచి చూసుకున్నాకే కాల్ సంగతి చూడండి.

అన్నీ సరిగ్గా ఉన్నా కలవకపోతే చివరగా ఎమ్‌టీయూ, అంటే ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం చూడండి. గుర్తింపు సమయంలో గేట్‌వే పంపే సర్టిఫికెట్ పెద్దది. అది ఒక ప్యాకెట్‌లో పట్టక ముక్కలవుతుంది. కొన్ని రౌటర్లు ఆ ముక్కలను పారేస్తాయి. రౌటర్ డబ్ల్యూఏఎన్ (ఇంటర్నెట్ వైపు) ఎమ్‌టీయూ 1500 ఉంటే 1492కు, అప్పటికీ కాకపోతే 1400 దాకా తగ్గించి చూడండి. ఫలితం లేకపోతే పాత విలువకే మార్చేయండి.

ఫోన్ వైపు తేలితే "రీసెట్ నెట్‌వర్క్ సెట్టింగ్స్" చివరి మందు. దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లన్నీ, వీపీఎన్ సెట్టింగ్స్ కూడా పోతాయి కాబట్టి ముందే రాసిపెట్టుకోండి.

కాల్ కలుస్తుంది గానీ మాట ముక్కలవుతోంటే

"మాకు 100 ఎమ్‌బీపీఎస్ నెట్ ఉంది, అయినా మాట తెగుతోంది" అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. స్పీడుకూ దీనికీ సంబంధం చాలా తక్కువ. ఒక వాయిస్ కాల్‌కు ప్యాకెట్లకు చేరే అదనపు భారమంతా కలుపుకున్నా ఒక్కో వైపు సెకనుకు 100 కిలోబిట్ల లోపే సరిపోతుంది. నిమిషానికి దాదాపు ఒక ఎమ్‌బీ. కావాల్సింది వేగం కాదు, క్రమం తప్పని రాక. ఫోన్ ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒక మాట ముక్కను పంపుతుంది, అంటే సెకనుకు 50 ప్యాకెట్లు. వీడియో అయితే ముందుగా దించి దాచుకోవచ్చు. మాటను అలా దాచుకోలేం. ఆలస్యంగా వచ్చిన ముక్కను పారేయాల్సిందే. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు, ప్యాకెట్ల మధ్య ఒడిదుడుకు 30 లోపు, నష్టం ఒక శాతం లోపు ఉంటే మాట హాయిగా వినిపిస్తుంది.

ఈ క్రమాన్ని ఎక్కువగా చెడగొట్టేది అప్‌లోడ్ నిండిపోవడం. ఇంట్లో ఎవరి ఫోన్‌లోనో ఫొటోలు క్లౌడ్‌కు ఎక్కుతుంటాయి. రౌటర్‌లో ప్యాకెట్ల వరుస పేరుకుపోతుంది. మీ మాట ఆ వరుస చివర నిలబడుతుంది. మీకు అవతలివాళ్లు బాగా వినబడి, వాళ్లకు మాత్రం మీరు వినబడకపోతే అనుమానం ముందుగా అప్‌లోడ్ మీదే రావాలి. పరీక్ష సులువు. ఒక పెద్ద ఫైల్ అప్‌లోడ్ పెట్టి కాల్ చేయండి, తర్వాత ఆపి కాల్ చేయండి. తేడా వినిపిస్తే రౌటర్‌లో క్యూఓఎస్ లేదా ఎస్‌క్యూఎమ్ (ప్యాకెట్ల వరుసను అదుపు చేసే ఆప్షన్లు) ఆన్ చేసి, అప్‌లోడ్ పరిమితిని మీకు నిజంగా వచ్చే వేగంలో 85 నుంచి 90 శాతానికి కట్టండి. ఆ కాస్త వేగం వదులుకుంటే వరుస రౌటర్ చేతిలో ఉంటుంది, మాటకు దారి దొరుకుతుంది. డబ్ల్యూఎమ్ఎమ్ అనే ఆప్షన్‌ను మాత్రం ఎప్పుడూ ఆఫ్ చేయకండి. వైఫైలో మాటకు ముందు దారి ఇచ్చే పద్ధతి అదే.

రెండోది వైఫై సిగ్నల్. తెర మీద గీతల్ని నమ్మకండి, అంకెను చూడండి. ఆండ్రాయిడ్‌లో ఏదైనా వైఫై ఎనలైజర్ యాప్, ఐఫోన్‌లో యాపిల్ వారి ఎయిర్‌పోర్ట్ యుటిలిటీలోని వైఫై స్కానర్ ఆ అంకె చూపిస్తాయి. మీరు మాట్లాడే చోట మైనస్ 67 డీబీఎమ్ లేదా అంతకన్నా మెరుగ్గా, అంటే సున్నాకు ఇంకా దగ్గరగా ఉండాలి. మైనస్ 75 కన్నా కిందికి దిగితే వెబ్ పేజీలు తెరుచుకుంటూనే ఉంటాయి, మాట మాత్రం నలుగుతుంది. రౌటర్‌ను బీరువా వెనక, టీవీ వెనక, నేల మీద పెట్టకండి. మనిషి నడుము కన్నా ఎత్తులో, ఇంటికి నడిమధ్యలో ఉండాలి.

5 గిగాహెర్ట్జ్ దగ్గరి దూరాలకు శుభ్రంగా ఉంటుంది గానీ గోడలు దాటేసరికి బలహీనపడుతుంది. 2.4 దూరం వెళ్తుంది గానీ ఇరుగుపొరుగు రౌటర్లు, మైక్రోవేవ్ ఓవెన్లు అన్నీ అక్కడే గుమికూడతాయి. అందులో 1, 6, 11 చానళ్లలో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకుని, వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కే ఉంచండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ కూడా 2.4 మీదే నడుస్తాయి. ఫోన్ కూడా 2.4 వైఫై మీదే ఉంటే ఒకే రేడియో రెండు పనులూ పంచుకోవాల్సి వస్తుంది. ఇయర్‌ఫోన్స్ పెడితేనే మాట తెగుతోంటే లోపం ఇయర్‌ఫోన్స్‌ది కాకపోవచ్చు. ఫోన్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి చూడండి.

ఎక్స్‌టెండర్ (వైఫైని ఇంకా దూరం అందించే పెట్టె) పెడితే సిగ్నల్ అంకె మెరుగవుతుంది గానీ ప్రతి ప్యాకెట్ రెండుసార్లు గాలిలో ప్రయాణించాలి కాబట్టి ఆలస్యం పెరుగుతుంది. కేబుల్ లాగి రెండో యాక్సెస్ పాయింట్ పెట్టగలిగితే అదే ఉత్తమం. మెష్ (ఒకే నెట్‌వర్క్‌గా కలిసి పనిచేసే యాక్సెస్ పాయింట్లు) ఉంటే రెండు చోట్లా ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ ఉంచి ఫాస్ట్ రోమింగ్ ఆన్ చేయండి. లేదంటే మీరు పై అంతస్తుకు వెళ్లినా ఫోన్ కింది పాయింట్‌నే పట్టుకుని ఉంటుంది.

మీరు చేసే కాల్స్ వెళ్తాయి, వచ్చేవి రావు

పదిహేను నిమిషాల పరీక్షలో పట్టుబడేది ఇది. ఫోన్ మౌనంగా ఉన్నప్పుడు కూడా సొరంగం బతికి ఉండాలి. దానికోసం ఫోన్ మధ్యమధ్యలో చిన్న ప్యాకెట్ పంపుతుంటుంది. కొన్ని రౌటర్లు 30 సెకన్ల పాటు కదలిక లేని యూడీపీ దారిని మూసేస్తాయి. బ్యాటరీ పొదుపు కోసం నిద్రపోయిన ఫోన్ ఆలోపు పలకరించకపోతే సొరంగం ఒకవైపు కూలిపోతుంది. ఫోన్ తాను రిజిస్టర్ అయ్యే ఉన్నాననుకుంటుంది, కాల్ మాత్రం దాని దాకా రాదు.

ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆపండి. "నిద్రలో వైఫై ఆన్‌లో ఉంచు" లాంటి ఆప్షన్ ఉంటే ఎల్లప్పుడూ అని పెట్టండి. రౌటర్‌లో యూడీపీ టైమ్‌అవుట్ మార్చే వీలుంటే 180 సెకన్లు లేదా ఎక్కువ పెట్టండి. బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్ ఒకటి, దాని వెనక సొంత రౌటర్ ఒకటి ఉంటే, రెండింటిలో ఒకదాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (డేటాను ఆపకుండా దాటించేలా) పెట్టడంతో చాలాసార్లు ఈ జబ్బు వదులుతుంది. దారిలో తలుపు కాసేవాళ్లు ఇద్దరున్నప్పుడు ఎవరు ముందు మూసినా సొరంగం పోతుంది కదా.

బిల్లు, విదేశీ ప్రయాణం

వైఫైలో మాట్లాడినంత మాత్రాన కాల్ ఉచితం కాదు. చాలా సంస్థలు దీన్ని మామూలు కాల్ లాగే ప్లాన్ నిమిషాల్లోంచి తీసుకుంటాయి. విదేశంలో ఉన్నప్పుడు స్వదేశానికి చేసే కాల్‌ను ఇంట్లోంచి చేసినట్టే లెక్కించే సంస్థలున్నాయి, విదేశం నుంచి అసలు అనుమతించని సంస్థలూ ఉన్నాయి. మీదేదో బయలుదేరే ముందే కనుక్కోండి. అలా ఇంటి లెక్కన చూసే సంస్థ అయితే, మీరున్న దేశంలోని పక్క వీధి హోటల్‌కు చేసినా అది అంతర్జాతీయ కాల్ అవుతుందని గుర్తుంచుకోండి.

విదేశంలో వైఫై కాల్ మాట్లాడుతుండగా వైఫై బలహీనపడితే ఫోన్ చెప్పాపెట్టకుండా అక్కడి టవర్‌కు మారిపోతుంది. ఆ క్షణం నుంచి రోమింగ్ చార్జీ పడుతుంది. అందుకే ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేసి, వైఫై మాత్రం వేసుకుని మాట్లాడండి. కాల్ తెగితే తెగుతుంది గానీ బిల్లు పెరగదు.

అత్యవసర కాల్స్, కరెంటు పోవడం

అత్యవసర నంబరు నొక్కినప్పుడు, ఏ టవర్ అందినా ఫోన్ సాధారణంగా ముందు దాన్నే ప్రయత్నిస్తుంది. టవర్ ఏదీ లేకపోతేనే వైఫైకి వస్తుంది. అప్పుడు మీరెక్కడున్నారో టవర్ ద్వారా తెలియదు. చిరునామా నమోదు చేసే పద్ధతి ఉన్న దేశాల్లో ఇల్లు మారిన రోజే ఆ చిరునామా మార్చండి. పాతది ఉంటే సహాయం పాత ఇంటికి వెళ్తుంది. చిరునామా నమోదు చేసి ఉన్నా, కాల్ కలవగానే మొదటి మాటగా మీరున్న చోటు చెప్పండి.

సిగ్నల్ అసలు లేని ఇంట్లో ఈ సేవ మీద ఆధారపడితే కరెంటు పోయిన వెంటనే ఫోన్ కూడా మూగబోతుంది. రౌటర్‌తో పాటు మోడెమ్‌ను, ఫైబర్ అయితే గోడకున్న ఓఎన్‌టీ పెట్టెను కూడా యూపీఎస్‌కు కలపాలి. రౌటర్‌కు ఒక్కదానికే బ్యాకప్ ఇస్తే వైఫై గీతలు నిండుగా కనిపిస్తాయి, బయటికి మాత్రం దారి ఉండదు. ఇవి 12 వోల్టుల మీద నడిచేవైతే రౌటర్ల కోసమే చేసిన చిన్న డీసీ యూపీఎస్‌లు సరిపోతాయి. కొనే ముందు అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్లు చదవండి. యూపీఎస్ ఇచ్చే వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు. కలిపాక మెయిన్ స్విచ్ ఒకసారి ఆఫ్ చేసి, ఏరోప్లేన్ మోడ్ పరీక్ష మళ్లీ చేయండి.